ఒక్క రైడర్ మీదే నడిచే జట్టు: బాలికల స్కూలు కబడ్డీలో కూతలు పంచే పద్ధతి

ఫుట్‌బాల్ లాంటి ఆటల్లో గోలు తప్పిన పిల్ల మైదానంలోనే ఉంటుంది, కాసేపటికి మళ్లీ ప్రయత్నిస్తుంది. కబడ్డీలో ఆ వీలు లేదు. కూతకెళ్లి దొరికిపోతే బయటికెళ్లి కూర్చోవాలి. తోటి పిల్లలు పాయింటు తెచ్చి బతికించేదాకా లోపలికి రావడానికి లేదు. అందుకే ఒకే రైడర్ (కూతకెళ్లే పిల్ల) మీద నడిచే జట్టును చక్కదిద్దాలనుకునే పీఈటీలు, పీడీలు (బడి వ్యాయామ ఉపాధ్యాయులు) ఆ పిల్ల ఎన్ని పాయింట్లు తెచ్చిందో రాసుకుంటే చాలదు. ఎన్ని నిమిషాలు బయట కూర్చుందో, ఆమెను లేపింది, అంటే మళ్లీ లోపలికి రప్పించింది, ఎవరో కూడా రాసుకోవాలి. ఇక్కడ చెప్పేదంతా ఆ రెండు లెక్కల చుట్టూనే తిరుగుతుంది.

మన ఉమ్మడి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలకు ఈ జబ్బు కాస్త ఎక్కువే. వీరఘట్టం మల్లయోధుడు కోడి రామ్మూర్తి, ఊసవానిపేట నుంచి ఎదిగి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో వెయిట్ లిఫ్టింగ్ కాంస్యం తెచ్చిన కరణం మల్లీశ్వరి, వెయిట్ లిఫ్టర్లకు పేరుపడ్డ కొండవెలగాడ: మనం గర్వంగా చెప్పుకునేవన్నీ ఒంటరి బలం మీద నిలిచిన పేర్లు. దానికి తోడు టీవీలో ప్రో కబడ్డీ. అందులోనూ కెమెరా రైడర్ వెంటే పోతుంది. 2023-24 పదో సీజన్‌లో తెలుగు టైటాన్స్‌కు పవన్ సెహ్రావత్ లాంటి రైడర్ ఉన్నాడు. జట్టు మాత్రం 12 జట్లలో ఆఖరున నిలిచింది. ఆ సంగతి పిల్లలకు చెప్పండి, వాళ్లకు వెంటనే అర్థమవుతుంది.

ముందు నోట్‌బుక్కు

జట్టులో 12 మంది ఉంటే ఏడుగురు లోపల, ఐదుగురు బయట. ఆ ఐదుగురిలో ఒకరికి పొడవాటి నోట్‌బుక్కు, ఒక గడియారం ఇవ్వండి. ప్రతి కూతకూ ఒక వరస రాయాలి: ఎవరు వెళ్లారు, అవతల ఎంతమంది ఉన్నారు, ఫలితం ఏమిటి. ఫలితానికి నాలుగే గుర్తులు: టచ్ (అవతలివాళ్లను తాకి రావడం), బోనస్ (అవతలి సగంలోని బోనస్ గీత దాటి పాయింటు తేవడం), ఖాళీ (పాయింటు లేకుండా క్షేమంగా తిరిగి రావడం), అవుట్. అవతలి రైడర్‌ను మనవాళ్లు పట్టినప్పుడు ఒక్క పేరు కాదు, రెండు పేర్లు రాయాలి: మొదట కాలో నడుమో అందుకున్నది ఎవరు, వెంటనే ఆసరాగా పడ్డది ఎవరు. ఎదుటి పేజీలో మన అవుట్ల వరస, వెళ్లిన నిమిషం, లేచిన నిమిషం.

మహిళలకు, జూనియర్ బాలికలకు ఆట 15 నిమిషాల చొప్పున రెండు హాఫ్‌లు, మధ్యలో 5 నిమిషాల విరామం. ఒక కూతకు 30 సెకన్లు. అన్ని కూతలూ పూర్తిగా సాగితే ఒక హాఫ్‌లో ఒక్కో జట్టుకు 15 వస్తాయి. కొన్ని ముందే ముగుస్తాయి కాబట్టి ఇంకొన్ని ఎక్కువే రావచ్చు. మూడు నాలుగు ప్రాక్టీసు మ్యాచ్‌ల పేజీలు పక్కపక్కన పెట్టి చూడండి. మొత్తం కూతల్లో సగానికి మించి ఒకే పిల్లవైతే జట్టు ఆమె మీద వాలిందని లెక్క. ఒక హాఫ్‌లో ఆమె 5 నిమిషాలకు మించి బయట కూర్చుంటే ఆమె ధైర్యం జట్టుకు ఖరీదవుతోందని లెక్క. ఈ రెండింటికన్నా చెడ్డ గుర్తు ఇంకొకటుంది. ఆమె బయట ఉన్నప్పుడు మిగతావాళ్ల కూతలు ఖాళీగా కాకుండా అవుట్లుగా ముగియడం. అంటే వాళ్లకు వెళ్లి క్షేమంగా తిరిగి రావడమే రాదు.

బతికించే లెక్క పిల్లలకు తెలియాలి

చాలా స్కూలు జట్లలో ఈ నిబంధన ఆడేవాళ్లకే సరిగా తెలియదు. అవుటైన వాళ్లు అవుటైన వరసలోనే లేస్తారు, ముందు వెళ్లినవాళ్లు ముందు వస్తారు. అవతలివాళ్లలో ఒకరిని టచ్ చేసి తిరిగొస్తే ఒకరు లేస్తారు, ఇద్దరిని టచ్ చేస్తే ఇద్దరు. అవతలి రైడర్‌ను పడితే ఒకరు. బోనస్‌కు పాయింటు వస్తుంది గానీ ఎవరూ లేవరు. ముగ్గురు లేక అంతకన్నా తక్కువమంది ఉండగా రైడర్‌ను పడితే సూపర్ టాకిల్ కింద అదనంగా ఒక పాయింటు వస్తుంది, ఆ అదనపు పాయింటుకూ ఎవరూ లేవరు.

దీన్ని నల్లబల్ల మీద గీసి చూపించండి. మన ప్రధాన రైడర్ వరసలో మూడోదిగా కూర్చుందనుకుందాం. ఆమె లోపలికి రావాలంటే టచ్‌లు, పట్లు కలిపి మూడు కావాలి. ఈలోగా రెండో రైడర్ వరసగా రెండు బోనస్‌లు తెచ్చి చేతులూపుకుంటూ వచ్చినా స్కోరు బోర్డు కదులుతుంది గానీ ఆ పిల్ల కూర్చున్నచోటే ఉంటుంది. కాబట్టి ఆమె బయట ఉన్నంతసేపు ప్రాధాన్యం మారాలి: మొదట పట్టు, తర్వాత టచ్, ఆఖరున బోనస్. ఆమె లోపల ఉన్నప్పుడు బోనస్‌కు మళ్లీ విలువ వస్తుంది.

ఇదే లెక్క అవతలి జట్టుకూ పెట్టండి. వాళ్ల గట్టి రైడర్ వరసలో ఎన్నోదో గమనించే పని బయట ఉన్న ఒక పిల్లకు అప్పగించండి. ఆల్ అవుట్ చేస్తే మనకు 2 పాయింట్లు అదనం, నిజమే. కానీ వాళ్ల ఏడుగురూ ఒక్కసారే లేచి వస్తారు. ఆ గట్టి రైడర్ వరస చివర కూర్చుని ఉంటే, మనం ముందంజలో ఉండి రెండు మూడు నిమిషాలే మిగిలితే, ఆల్ అవుట్ కోసం ఎగబడకపోవడమే తెలివి.

కూతలు పంచడం

రెండో రైడర్‌ను, మూడో రైడర్‌ను ఎంచుకునేటప్పుడు ఎక్కువ పాయింట్లు తెచ్చినవాళ్లను చూడకండి. నలుగురు డిఫెండర్ల మీదికి ఒక్కొక్కరిని పది కూతలకు పంపి, ఎన్నిసార్లు క్షేమంగా తిరిగొచ్చారో లెక్కపెట్టండి. పదిలో ఏడుసార్లు తిరిగొచ్చిన పిల్ల రెండే టచ్‌లు తెచ్చినా పనికొస్తుంది. ఐదు టచ్‌లు తెచ్చి ఐదుసార్లు దొరికిపోయిన పిల్ల ఇంకా తయారు కావాలి.

రెండో రైడర్ ప్రధాన రైడర్‌కు నకలు కాకూడదు. ప్రధాన రైడర్ ఎడమ వైపు నుంచి వెళ్లి చేతితో తాకే రకమైతే, రెండోది కుడి వైపు నుంచి వెళ్లి కాలి బొటనవేలితో తాకేదో, బోనస్ గీత దాటేదో అయితే మంచిది. ఇద్దరూ ఒకే వైపు వెళ్తే అవతలి కార్నర్ (మూలన నిలబడే డిఫెండర్), కవర్ (లోపలి వైపు నుంచి ఆసరాగా పట్టే డిఫెండర్) ఒకే చోట కాచుకుని కూర్చుంటారు.

మూడో రైడర్‌ను డిఫెన్స్‌లోంచి తీసుకోండి. ఆమె పని పాయింట్లు తేవడం కాదు, ఖాళీ కూత శుభ్రంగా చేయడం. దీన్ని ఎవరూ నేర్పరు. ఖాళీగా వస్తే గట్టు మీద కూర్చున్నవాళ్లు గేలి చేస్తారని పిల్లలు సిగ్గుపడతారు, ఆ సిగ్గుతో లేనిపోని కాలు చాచి దొరికిపోతారు. బాక్ లైన్ (నడిగీత దాటాక అవతలి సగంలో వచ్చే మొదటి అడ్డగీత) ఒకసారి పూర్తిగా దాటాలి. దాటకుండా, ఎవరినీ తాకకుండా తిరిగొస్తే రైడరే అవుట్. దాటాక 20 నుంచి 25 సెకన్లు అటూ ఇటూ కదిలి, అవతలివాళ్లు ఎవరు ముందుకొస్తున్నారో ఎవరు వెనక ఉంటున్నారో చూసి, కూత ఆపకుండా రావాలి. వచ్చాక ఒక్క మాటైనా సమాచారం తేవాలి: "కుడి కార్నర్ తొందరపడతంది", "కవర్లు చేతులు వదిలేస్తన్నారు" లాంటిది. ఆ మాట తెచ్చిందంటే ఖాళీ కూత వృథా కానట్టే.

మొదటి ఐదు నిమిషాలకు ఒక వరస ముందే అనుకోండి. మొదటి కూతకు రెండో రైడర్ వెళ్తే మంచిది. ఏడుగురూ ఉంటారు కాబట్టి బోనస్ అవకాశం ఉంటుంది, వాళ్ల అమరిక తెలుస్తుంది. రెండో కూత ప్రధాన రైడర్‌ది. మొదటి రెండూ ఖాళీ అయితే మూడోది డూ ఆర్ డై, పాయింటు తేకపోతే అవుటే. చాలామంది ఈ మూడో కూతకు కళ్లు మూసుకుని ప్రధాన రైడర్‌ను పంపుతారు. అది పొరపాటని మా అభిప్రాయం. ఆమె రాక తప్పదని, తాకక తప్పదని అవతలి ఏడుగురికీ తెలుసు. వాళ్లు ఓపిగ్గా కాచుకుంటే చాలు. తొలి హాఫ్‌లో ఆ కూత రెండో రైడర్‌కే ఇవ్వండి. దొరికినా మన ప్రధాన రైడర్ లోపలే ఉంటుంది. ఆఖరి ఐదు నిమిషాల్లో వెనకబడి ఉంటే ఈ మాట చెల్లదు, అప్పుడు ఆమే వెళ్లాలి.

అవతల ఆరుగురు, ఏడుగురు ఉన్నప్పుడే బోనస్. ఐదుగురికి దిగిందంటే బోనస్ ఆశ లేదు, టచ్‌కే వెళ్లాలి. నలుగురు, ఐదుగురు ఉన్నప్పుడు కోర్టులో ఖాళీ ఎక్కువ, గొలుసు పట్టు (డిఫెండర్లు చేతులు కలిపి పట్టడం) బలహీనం. ప్రధాన రైడర్‌కు ఎక్కువ కూతలు ఇవ్వాల్సింది ఇక్కడే. ముగ్గురికి దిగాక మన రైడర్ దొరికితే వాళ్లకు 2 పాయింట్లు. అక్కడికి నిబ్బరమున్న రైడర్‌ను పంపాలి, వేగమున్నదాన్ని కాదు. మొత్తమ్మీద ప్రధాన రైడర్‌కు సగం కూతలు, రెండోదానికి మూడో వంతు, మిగిలినవి మూడోదానికి అన్నది మొదలుపెట్టడానికి సరిపోయే కొలత. పిల్లల్ని బట్టి మారుతుంది.

కొన్ని పోటీల్లో డూ ఆర్ డై, సూపర్ టాకిల్ నిబంధనలు పెట్టరు. మేనేజర్ల మీటింగ్‌లో అడిగి రాసుకోండి.

ఆమె డిఫెన్స్‌లో ఎక్కడ నిలబడాలి

ఒకే పిల్ల మీద నడిచే జట్టులో ఆ పిల్లే కార్నర్ కూడా ఆడుతుంది, చురుకైనది కదా అని. ఇంతకంటే పెద్ద నష్టం ఇంకోటి లేదు. ఆమె కూతలో దొరికిపోయిన మరుక్షణం రైడూ పోయింది, కార్నరూ పోయింది. అవతలి రైడర్ నేరుగా ఆ మూలకే వస్తుంది. కాబట్టి ప్రధాన రైడర్ కార్నర్ పక్కన 'ఇన్' స్థానంలో నిలబడాలి. రెండు కార్నర్లూ అరుదుగా కూతకెళ్లే పిల్లలకు ఇవ్వాలి. కెప్టెన్సీ కూడా కవర్ ఆడే పిల్లకే ఇవ్వడం మంచిది. రిఫరీతో మాట్లాడాల్సిన మనిషి, టైమ్ అవుట్ అడగాల్సిన మనిషి ఎక్కువసేపు కోర్టులో ఉండాలి.

పట్టు ఇద్దరి పని. రైడర్ ముందు కాలు బాక్ లైన్ దాటి, బరువు ఆ కాలి మీద పడ్డప్పుడు కార్నర్ మడమ మీదికి పోవాలి. కవర్ ఆ వెంటనే నడుమునో, తొడనో పట్టాలి. కార్నర్ ముందే దూకితే రైడర్ వెనక్కి తగ్గి వీపు మీద ఒక దెబ్బ కొట్టి పోతుంది. కవర్ ఆలస్యమైతే కార్నర్ ఒక్కతే ఈడ్చుకుపోతుంది. చేతులు కలిపేటప్పుడు వేళ్లు పెనవేయనివ్వకండి, వేలు బెణుకుతుంది. మణికట్టు పట్టుకోవాలి. బట్టలు, జుట్టు పట్టుకుంటే ఆ పట్టు చెల్లదు. జడ గట్టిగా ముడి, గోళ్లు కత్తిరింపు, గాజులు, పట్టీలు, చెవిదుద్దులు తీసి సంచిలో: ఇది ప్రాక్టీసు రోజునా మానకండి.

ప్రధాన రైడర్‌కు డిఫెన్స్‌లో ఒక అలవాటు ఉంటుంది. ఒంటరిగా ముందుకు దూకడం. ప్రాక్టీసులో ఆమెకు ఒక షరతు పెట్టండి: వేరొకరి చెయ్యి రైడర్‌ను అందుకున్నాకే నువ్వు కదలాలి. రెండు వారాలు ఇలా ఆడితే ఆసరా పట్టు వస్తుంది, నోట్‌బుక్కులో రెండో పేరు ఆమెది కావడం మొదలవుతుంది.

నేల సంగతి

డిఫెన్స్ ఎవరూ చేయకపోవడానికి మన బళ్లల్లో అసలు కారణం చాలాసార్లు స్వార్థం కాదు, నేల. గట్టి ఎర్రమట్టి, గ్రావెల్ మీద మోకాలు కొట్టుకుపోతుందని తెలిశాక ఏ పిల్లా మడమ మీదికి పడదు. అప్పుడు పాయింట్లు తెచ్చే దారి రైడ్ ఒక్కటే, రైడంటే ఆ ఒక్క పిల్లే. కోర్టు జానెడు లోతు తవ్వి, రాళ్లు ఏరి, జల్లెడ పట్టిన మట్టిలో ఇసుక, రంపపు పొట్టు కలిపి పరవండి. సాయంత్రం ఆటకు మధ్యాహ్నమే నీళ్లు చల్లితే దుమ్ము లేవదు, జారదు. మోచేతులకు, మోకాళ్లకు గుడ్డ ప్యాడ్‌లు, కింద పూర్తి ట్రాక్ ప్యాంటు.

గీతలు కొలిచి వేయండి. మహిళలకు, జూనియర్ బాలికలకు కోర్టు 12 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు. రెండు వైపులా ఉండే మీటరు మీటరు లాబీలు ఈ 8లోనివే. ఒక్కో సగం 6 మీటర్లు. నడిగీత నుంచి బాక్ లైన్ 3 మీటర్లు, అక్కడి నుంచి బోనస్ గీత ఇంకో మీటరు. ఎవరినైనా తాకాకే లాబీ వాడుకోవాలి, తాకకుండా లాబీలో కాలు పెట్టిన రైడర్ అవుట్. లాబీ గీత లేని కోర్టులో సాధన చేసిన రైడర్ ఊళ్లో మెరుపులా కనిపించి మండల పోటీల్లో మొదటి కూతకే అవుటవుతుంది. ఆమెను నమ్ముకున్న జట్టు అక్కడే కూలుతుంది.

రెండు ఆటలు

మొదటిది, మూడో వరస ఆట. నలుగురిని కోర్టులో పెట్టండి, ముగ్గుర్ని బయట కూర్చోబెట్టండి. ప్రధాన రైడర్ మూడో స్థానంలో. ఎదురు జట్టు ఐదుగురు. సమయం 8 నిమిషాలు. బోనస్‌కు లెక్క లేదు, టచ్‌కూ పట్టుకూ మాత్రమే ఒకరు లేస్తారు. 8 నిమిషాల్లో ప్రధాన రైడర్ లోపలికొస్తే గెలుపు. ఆమె బయట ఉన్నంతసేపు నోట్‌బుక్కు ఆమె చేతిలోనే ఉండాలి, తనను లేపిన వాళ్ల పేర్లు తనే రాయాలి. మొదట్లో ఆమె గట్టున నిలబడి అరుస్తూ అందరికీ ఆదేశాలిస్తుంది. రాసే పని పెడితే ఆ గోల తగ్గుతుంది. మూడు నాలుగు రోజులైనా ఒక్కసారి కూడా గెలవకపోతే ఎదురు జట్టును నలుగురికి తగ్గించండి. అలవోకగా గెలిచేస్తుంటే ఆరుగురికి పెంచండి.

రెండోది, ముగ్గురి పట్టు. ముగ్గురు డిఫెండర్లు, ఒక రైడర్, పది కూతలు. రైడర్‌గా ప్రధాన రైడర్‌నే వాడండి. ఆమెను పట్టగలిగిన ముగ్గురికి మండల పోటీల్లో భయం ఉండదు. ఆమెకూ తక్కువమంది మీదికి తొందరపడకుండా వెళ్లడం అలవాటవుతుంది. ప్రతి రెండు కూతలకూ ముగ్గురిలో ఒకర్ని మార్చండి. పదిలో మూడు పట్లు పడితే బాగానే ఉన్నట్టు.

వారానికి ఐదు రోజులు సాధనైతే రెండు రోజులు ఈ ఆటలకు చాలు. పది నిమిషాల పరుగు, పది నిమిషాల వ్యాయామం, కూత పట్టే సాధన ఎలాగూ ఉంటాయి. దసరా సెలవులు, సిరిమానోత్సవం, కోతలు, పెళ్లిళ్లు వచ్చినప్పుడు ఎవరో ఒకరు రారు. ఆ పిల్ల కుటుంబం చెన్నైకో హైదరాబాద్‌కో పనికి వలసపోతే ఏడాది మధ్యలో ఆమె బడే మారిపోతుంది. మూడో రైడర్‌ను తయారుచేయడం ఆ రోజుకు కూడా.

పిల్లలతో, పెద్దవాళ్లతో మాట

ప్రధాన రైడర్‌ను అందరి ముందూ "నువ్వు స్వార్థంగా ఆడుతున్నావ్" అనకండి. ఆమెను ఆ అలవాటులో పెట్టింది మనమే. విడిగా కూర్చోబెట్టి పేజీ చూపించండి: "ఇదిగో తల్లీ, ఈ హాఫ్‌లో నువ్వు ఆరు నిమిషాలు బయట ఉన్నావ్. మూడో కూత నువ్వు వెళ్లకపోయుంటే ఈ ఆరు నిమిషాలూ లోపలే ఉండేదానివి." తక్కువ ఆడమని కాదు, ఎక్కువసేపు ఆడమని చెప్తున్నట్టు ఆమెకు వినిపించాలి.

మిగతావాళ్లలో ఉండే జబ్బు వేరు. "అక్క ఎల్తాది, మనకేటి" అని కోర్టులోనే చూస్తూ నిలబడతారు. మ్యాచ్ అయ్యాక పాయింట్లు చదవడానికి ముందు ఎవరు ఎవర్ని లేపారో చదవండి. తొమ్మిదో తరగతి కార్నర్ పిల్ల పేరు నాలుగుసార్లు వినిపించిన రోజు ఆమె మర్నాడు అరగంట ముందే వస్తుంది.

ఇంటివాళ్లు వస్తారు: "మా గుంటకి కూతలు తగ్గించీసినారేటి మాస్టారూ?" జిల్లా ఎంపికల భయం వాళ్లది. పాయింట్లు కనిపించకపోతే ఎంపిక కాదేమోనని. ఆ భయం ఉత్తిది కాదు, ఎంపికల్లో రైడర్ ముందు కంటపడుతుంది. కానీ అక్కడ కొత్త పిల్లలతో కలిపి ఆడిస్తారు, పట్టులో ఎలా ఉందో కూడా చూస్తారు. కూతా ఆసరా పట్టూ రెండూ చేసే పిల్లకు చోటు దొరకడం తేలిక. ఆ మాట చెప్పి, నోట్‌బుక్కులో ఆమె పట్ల లెక్క కూడా చూపించండి.

మ్యాచ్ రోజు

ఒక హాఫ్‌లో రెండు టైమ్ అవుట్లు, ఒక్కోటి 30 సెకన్లు. ఒకటి తప్పనిసరిగా దాచుకోండి: ఇద్దరు బయట ఉండగా ప్రధాన రైడర్ కూడా అవుటైన క్షణానికి. అప్పుడు చెప్పాల్సింది ఒకటే మాట, "బోనస్ వద్దు, పట్టు చూడండి." నాలుగు మాటలు చెప్తే ఒక్కటీ వినరు. మన నలుగురే ఉన్నారు కాబట్టి అవతలివాళ్లకూ బోనస్ లేదు, మనవాళ్లు ముందుకు రానక్కర్లేదు, లోతుగా నిలబడి వాళ్లను లోపలికి రానివ్వాలి.

ఆఖరి రెండు నిమిషాల్లో నాలుగు పాయింట్లు ముందున్నామనుకోండి. పూర్తి 30 సెకన్ల కూతలైతే మొత్తం నాలుగు, మనవి రెండు. అప్పటికి మన ఖాళీ కూతల లెక్క సున్నా అయితే ఆ రెండూ ఖాళీగా చేయొచ్చు, ప్రధాన రైడర్ వెళ్లనక్కర్లేదు. అవతలివాళ్లు మాత్రం తమ కూతలు పది సెకన్లలో ముగిస్తారు, దాంతో మనకు మూడోది కూడా వచ్చిపడుతుంది. అది డూ ఆర్ డై. ప్రధాన రైడర్‌ను దానికోసం అలిసిపోకుండా ఉంచుకోండి, మొదటి రెండూ మూడో రైడర్‌తో, రెండో రైడర్‌తో చేయించండి.